రోజుకు 11 రూపాయల చక్రవర్తి

సభకు నమస్కారం. అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ, మొఘల్ సామ్రాజ్య పతనం గురించి మాట్లాడతానన్నారు. అంత పెద్ద విషయం ఈ గంటలో ఇమడదు. నేను మాట్లాడబోయేది ఒక ముసలాయన చివరి అయిదేళ్ల గురించి. బహదూర్ షా జఫర్. 1857 సెప్టెంబరులో ఢిల్లీలో పట్టుబడ్డాడు, 1862 నవంబరులో బర్మాలోని రంగూన్‌లో చనిపోయాడు. ఈ మధ్య కాలాన్ని మన పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి: "ఆయనను రంగూన్‌కు పంపివేశారు." ఎవరు పంపారు, ఏ హక్కుతో పంపారు, అక్కడ ఆయన ఏం తిన్నాడు, ఎక్కడ కూర్చున్నాడు, ఎలా పోయాడు, ఇవేవీ ఆ వాక్యంలో ఉండవు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, ఒప్పుకోనివారు చివర్లో నిలదీయవచ్చు. ఆయనను ఓడించడం ఇంగ్లీషువాళ్లకు పెద్ద కష్టం కాలేదు. ఓడిన మనిషి చట్టం దృష్టిలో ఎవరో తేల్చడమే కష్టమైంది. చక్రవర్తి అని ఒప్పుకుంటే బోనులో నిలబెట్టడానికి వీల్లేదు. తమ ప్రజ అంటే, తమకు ఈ దేశంలో అధికారం ఎవరిచ్చారన్న ప్రశ్న వస్తుంది. ఆ చిక్కులోంచి బయటపడడానికి వాళ్లు ఆయనను ఎవరూ కానివాడిగా మార్చాలని చూశారు. అయిదేళ్లూ జరిగిన పని అదే.

కొంచెం వెనక్కి వెళ్లాలి. 1765లో షా ఆలం చక్రవర్తి బెంగాల్, బీహార్, ఒరిస్సాల దివానీ హక్కును, అంటే పన్నులు వసూలు చేసుకునే హక్కును, ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. ఇది అందరికీ తెలుసు. అదే ఏడాది అదే చక్రవర్తి దగ్గర క్లైవు మరో ఫర్మానా, అంటే రాజాజ్ఞ, కూడా సంపాదించాడు, ఉత్తర సర్కారుల మీద. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న మన కోస్తా అది. నేల మీద ఉన్నవాళ్లను, జమీందార్లను, చివరికి నిజామును కూడా అడగకుండా, ఎక్కడో అలహాబాదులో ఉన్న చక్రవర్తి ముద్రతో మన జిల్లాలు చేతులు మారాయి. తర్వాత నిజాముతో 1766లో విడిగా ఒప్పందం చేసుకోవలసి వచ్చిందనుకోండి. కానీ మొదట కావలసింది ఆ ముద్రే. కంపెనీ అధికారమంతా కాగితం మీద మొఘల్ చక్రవర్తి సేవకుడి అధికారం.

1803లో లేక్ సేనాని ఢిల్లీని మరాఠాల నుంచి తీసుకున్నాక, చక్రవర్తి కంపెనీ ఇచ్చే భత్యం మీద బతకడం మొదలైంది. అయినా కంపెనీ నాణేల మీద మొఘల్ పాదుషా పేరు 1835 దాకా ఉంది. హైదరాబాదు నాణేల మీదైతే 1857 నాటికి కూడా బహదూర్ షా పేరే ఉంది. ఆయన పదవి పోయాకే అక్కడి టంకశాల ఆసఫ్ జా పేరుతో కొత్త ముద్ర వేసుకుంది. ఢిల్లీలో ఆయన మాట ఎర్రకోట గోడలు దాటేది కాదు. కానీ ఆయన పేరు మాత్రం మన చార్మినార్ దగ్గర శెట్టి గల్లాపెట్టెలో గలగలలాడేది. అధికారం ఒకచోట, పేరు ఒకచోట బతికిన విచిత్రమైన కాలం అది.

జఫర్ 1775లో పుట్టాడు. 1837లో గద్దెనెక్కేటప్పటికి అరవై దాటిపోయాయి. నెలకు లక్ష రూపాయల భత్యం. ఆ లక్షలో కోటలో కిక్కిరిసిన వందలాది సలాతీన్లు, అంటే పాత చక్రవర్తుల వారసులు, వారి కుటుంబాలు బతకాలి. గవర్నర్ జనరల్ తరఫున ఏటా ఇచ్చే నజరానాను ఎలెన్‌బరో ఆపించేశాడు. ముసలాయన మాత్రం గజళ్లు రాసుకుంటూ, కవి జౌఖ్ పోయాక మరో కవి గాలిబ్‌ను ఉస్తాదుగా పెట్టుకుని, ముషాయిరాలు, అంటే కవి సమ్మేళనాలు, నడిపించుకుంటూ కాలం గడిపాడు. 1856లో పట్టపు యువరాజు మీర్జా ఫఖ్రూ కలరాతో పోయాడు. అప్పుడు కలకత్తాలోని కంపెనీ ప్రభుత్వం ఒక నిర్ణయం చేసింది: జఫర్ తర్వాత వచ్చేవాడికి పాదుషా బిరుదు ఉండదు, ఒట్టి షహజాదా. కోట ఖాళీ చెయ్యాలి. అందుకే నేను పతనం తేదీ 1857 అనను. సిపాయిలు రాకముందే ఆ వంశానికి నోటీసు అందింది. చిన్న బేగం జీనత్ మహల్ తన కొడుకు జవాన్ బఖ్త్‌ను వారసుడిగా చేయించాలని అప్పటికే ఎన్నో ఏళ్లుగా పోరాడుతోంది. ఆవిడను చాలామంది కుట్రదారుగా రాశారు. కొడుకు రేపు ఎక్కడుంటాడో తెలియని తల్లి ఏం చేస్తుందో ఆవిడా అదే చేసింది.

1857 మే 11 ఉదయం మీరట్ సిపాయిలు యమున దాటి వచ్చి కోట కింద నిలబడ్డారు. ఆ నాలుగు నెలల కథ మీకు తెలుసు, త్వరగా దాటేస్తాను. ఆయన మహావీరుడని ఒక వర్గం, చేతకాని ముసలివాడని మరో వర్గం అంటాయి. నాకు రెండూ నచ్చవు. సిపాయిలను ఆయన పిలవలేదు, వచ్చాక కాదనలేదు. కోటలో దాచిన దాదాపు యాభైమంది యూరోపియన్లను, వారిలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు, మే 16న చంపబోతుంటే వద్దన్నాడు, ఆపలేకపోయాడు. ఆగస్టులో బక్రీదు వచ్చినప్పుడు గోవధను గట్టిగా నిషేధించి నగరంలో హిందూ ముస్లింల మధ్య చిచ్చు రేగకుండా చూశాడు. అది మాత్రం ఆయన సొంత బుద్ధితో చేసిన పని, ఫలించిన పని. హైదరాబాదులో జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ ఇంగ్లీషు రెసిడెన్సీ మీదికి వెళ్లారు. ఢిల్లీలో పాదుషా లేచాడన్న వార్త లేకుండా ఆ ఊపు వచ్చేదని నేననుకోను.

సెప్టెంబరు 14న ఇంగ్లీషు సేన గోడలు బద్దలుకొట్టి లోపలికి వచ్చింది. సిపాయిల సేనాని బఖ్త్ ఖాన్ తనతో వచ్చెయ్యమని, బయట నుంచి యుద్ధం కొనసాగిద్దామని బతిమాలాడు. జఫర్ వెళ్లలేదు. హుమాయూన్ సమాధి దగ్గర ఆశ్రయం తీసుకున్నాడు. వియ్యంకుడు మీర్జా ఇలాహీ బఖ్ష్ అప్పటికే శత్రువుకు కబుర్లు మోస్తున్నాడు. సెప్టెంబరు 21న ఇంగ్లీషు సైనికాధికారి హాడ్సన్ వచ్చి, ప్రాణం తియ్యమని మాటిచ్చి లొంగదీసుకున్నాడు. మర్నాడు మళ్లీ వెళ్లి, జఫర్ కొడుకులు మీర్జా మొఘల్‌ను, ఖిజ్ర్ సుల్తాన్‌ను, మనవడు అబూ బక్ర్‌ను తీసుకువస్తూ, దారిలో ఒక దర్వాజా దగ్గర బట్టలు విప్పించి కాల్చేశాడు. ఆ దర్వాజాను ఇప్పటికీ ఖూనీ దర్వాజా అంటారు.

ఆ చలికాలమంతా ఎర్రకోటలో ఒక మురికి గదిలో ఆయన నులకమంచం మీద కూర్చుని ఉంటే ఇంగ్లీషు ఆఫీసర్లు, వారి భార్యలు వచ్చి చూసిపోయేవారు. ఆ తర్వాతి వేసవిలో టైమ్స్ పత్రిక విలేఖరి రసెల్ కూడా వెళ్లాడు. ఆయన చూసేసరికి ముసలాయన ఇత్తడి పళ్లెంలోకి వాంతి చేసుకుంటున్నాడు. రసెల్ ఇంగ్లీషువాడే, ఇంగ్లీషు సేన వెంట వచ్చినవాడే. అయినా ఇతణ్ని కృతఘ్నుడు అనే హక్కు మనకు ఎక్కడిదని రాశాడు. ఆ కాలానికి అది చిన్న మాట కాదు.

ఇక విచారణ. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే నా వాదనంతా ఇక్కడే ఉంది. 1858 జనవరి 27 నుంచి మార్చి 9 దాకా నడిచింది. స్థలం దీవానె ఖాస్. ఒకప్పుడు నెమలి సింహాసనం ఉన్న మంటపంలోనే ముద్దాయిగా కూర్చోబెట్టారు. న్యాయమూర్తులు సైనికాధికారులు. ప్రాసిక్యూటర్ మేజర్ హారియట్. అభియోగాలు నాలుగు. మూడోది వినండి: బ్రిటిష్ ప్రభుత్వ ప్రజ అయి ఉండి, విధేయత మరచి, తానే హిందూదేశానికి రాజునని, సార్వభౌముడినని ప్రకటించుకున్నాడట. ఆయన తాత షా ఆలం పేరుతో నాణేలు కొట్టినవాళ్లు, ఆ తాత రాసిచ్చిన ఫర్మానాతో పన్నులు వసూలు చేసినవాళ్లు చేసిన అభియోగం ఇది. కౌలుకు తీసుకున్నవాడు ఆసామి ఇచ్చిన కాగితం జేబులో పెట్టుకుని, ఈ పొలం నాదన్నాడు చూడండి అంటూ ఆసామినే కోర్టుకు ఈడ్చినట్టుంది.

విచారణ నడుస్తుంటే ఆయన చాలాసార్లు కునుకు తీసేవాడు. మెలకువగా ఉన్నప్పుడు శాలువాను తలకు చుట్టుకోవడం, విప్పడం. జవాన్ బఖ్త్ విచారణలో అల్లరి చేశాడని బయటికి పంపేశారు. సొంత వైద్యుడు, ప్రధాన సలహాదారు హకీం అహసనుల్లా ఖాన్ తన ప్రాణం కాపాడుకోవడానికి ఎదురు సాక్ష్యం చెప్పాడు. జఫర్ ఉర్దూలో ఇచ్చిన వాంగ్మూలం చిన్నది. నేను వాళ్ల చేతిలో బందీని, ఖాళీ కవర్ల మీద కూడా నా ముద్ర వేయించుకునేవారు, లోపల ఏం రాసి ఎవరికి పంపారో నాకు తెలియదు అన్నాడు. ఇందులో ఎంత నిజం, ఎంత ప్రాణభయం అనేది వేరే చర్చ. నన్ను ఆకట్టుకునేది ఆ ముద్ర. 1765లో కంపెనీకి కావలసింది ఆ ముద్రే, 1857లో సిపాయిలకు కావలసిందీ ఆ ముద్రే. పట్టుకున్న చెయ్యి ఎవరికీ అక్కర్లేదు.

హారియట్ ముగింపు ప్రసంగంలో ఇదంతా కాన్‌స్టాంటినోపుల్, మక్కా, ఇరాన్ నుంచి ఎర్రకోట గోడల దాకా పాకిన ముస్లిం కుట్ర అని తేల్చాడు. తిరుగుబాటు సిపాయిల్లో అత్యధికులు అగ్రకులాల హిందువులు. ఆ సంగతి సాక్ష్యాల్లో ఎదురుగా ఉన్నా ఆయన సిద్ధాంతానికి అడ్డు రాలేదు. అన్ని నేరాలూ రుజువయ్యాయన్నారు. హాడ్సన్ మాటివ్వకపోతే ఉరే. ఆ మాట ఉంది కాబట్టి దేశాంతరం. ఎక్కడికన్నది వెంటనే తేలలేదు. అండమాన్ ఆలోచించారు, దక్షిణాఫ్రికాలోని కేప్ అనుకున్నారు, చివరకు రంగూన్ దగ్గర ఆగారు. 1852 యుద్ధంలో కంపెనీ గెలుచుకున్న ఊరది. ఆ యుద్ధంలో మద్రాసు సిపాయిలు చాలామంది ఉన్నారు. కొన్ని దశాబ్దాల్లోనే కోరంగి రేవు నుంచి, విశాఖ తీరం నుంచి మనవాళ్లు కూలికి వేలల్లో ఎక్కిన ఓడలు కూడా ఆ ఊరికే. మన తాతలు రంగం పోయాడని అనేది ఆ ఊరికే.

1858 అక్టోబరు 7, తెల్లవారుజామున నాలుగు గంటలు. బాబరు ఢిల్లీలో అడుగుపెట్టిన 332 ఏళ్లకు ఆయన వంశంలో చివరి పాదుషా ఎడ్లబండ్ల వరుసలో, చుట్టూ బల్లెం దళం కాపలాతో, ఊరు లేవకముందే బయటపడ్డాడు. బాధ్యుడు లెఫ్టినెంట్ ఒమానీ. భార్యలు, పిల్లలు, సేవకులు కలిసి ముప్పైమందికి పైగా బయలుదేరారు. అలహాబాదులో, ఇష్టం లేనివాళ్లు వెనక్కి పోవచ్చన్నారు. చాలామంది వెళ్లిపోయారు. తాజ్ బేగం అనే భార్య కూడా వారిలో ఉంది. వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

ఈ ప్రయాణం నడుస్తుండగానే, నవంబరు 1న అలహాబాదులో గవర్నర్ జనరల్ కానింగ్ విక్టోరియా రాణి ప్రకటన చదివాడు. కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చింది. పాత సార్వభౌముడు ఎక్కడో బండిలో ఉన్నాడు, కొత్త సార్వభౌమురాలి పేరు దండోరా వేస్తున్నారు. రాణికి భారత చక్రవర్తిని అన్న బిరుదు అప్పుడే పెట్టలేదు. దానికి 1877 దాకా ఆగారు, ఆ దర్బారు మాత్రం ఢిల్లీలోనే చేశారు. డిసెంబరు 4న డైమండ్ హార్బర్ దగ్గర మెగేరా అనే యుద్ధనౌక ఎక్కించారు. నాలుగైదు రోజులకు రంగూన్ చేరారు.

ఇప్పుడు రంగూన్ ఇల్లు. బందీల బాధ్యత 1859 నుంచి కెప్టెన్ నెల్సన్ డేవిస్‌ది. ఆయన పై అధికారులకు రాసిన నివేదికలు ఉన్నాయి కాబట్టి మనకు ఇంత తెలుసు. ష్వెడగాన్ పగోడాకు అర మైలు దూరంలో చెక్క ఇల్లు. చుట్టూ వంద అడుగుల చదరం ఆవరణ, పది అడుగుల ఎత్తు కంచె. పదహారు అడుగుల చదరం గదులు నాలుగు. ఒకటి జఫర్‌కు, ఒకటి జీనత్ మహల్‌కు, ఒకటి జవాన్ బఖ్త్‌కు, అతని భార్యకు, ఒకటి చిన్న కొడుకు షా అబ్బాస్‌కు, అతని తల్లికి. భోజన ఖర్చు రోజుకు సుమారు 11 రూపాయలు. ఆదివారం 12. నెల మొదట్లో సబ్బుల్లాంటి వాటికి మరో రెండు రూపాయలు. ఇదంతా డేవిస్ చాలా శ్రద్ధగా, మంచి గుమాస్తాలా రాశాడు. నాకు ఆయన మీద కోపం లేదు. క్రూరుడు కాడు. లెక్క రాయమన్నారు, రాశాడు. అదే లెక్కల్లో ఇంకో వాక్యం ఉంది: కలం, సిరా, కాగితం పూర్తిగా నిషిద్ధం.

తుపాకీ కాదు, కత్తి కాదు, కలం. ఎనభై మూడేళ్ల మనిషి, పళ్లు ఊడి మాట స్పష్టంగా రాదు, కాస్త సమయమిస్తే జ్ఞాపకం బాగానే ఉందని డేవిసే రాశాడు. అలాంటి మనిషి చేతికి కాగితం ఇస్తే ఏమవుతుందని భయం? కాగితం మీద మళ్లీ ఆ పేరు రావడమే భయం. మేడమీద వరండా ఒకటి ఉండేది. అక్కడ కూర్చుంటే సముద్రపు గాలి తగిలేది, దారిన పోయేవాళ్లు, దూరంగా ఓడలు కనబడేవి. రోజులో ఎక్కువసేపు అక్కడే కూర్చునేవారట. కొడుకులిద్దరూ ఇంగ్లీషు నేర్చుకుంటాం, చదువు చెప్పించండి అని అడిగారు. డేవిస్ సిఫారసు చేశాడు. కలకత్తా ఒప్పుకోలేదు. ఈ కథలో నన్ను అన్నిటికంటే చిరాకు పెట్టేది ఇదే. తండ్రి పేరును తుడిచేస్తున్నారు, సరే, ఆ పిల్లలను కొత్త ప్రపంచంలో ఏదో ఒకటి కానివ్వవచ్చు కదా? అదీ కానివ్వలేదు. జవాన్ బఖ్త్ 1884లో, నలభై దాటగానే అక్కడే పోయాడు.

1862 అక్టోబరు నాటికి జఫర్ మింగలేని స్థితికి వచ్చాడు. గంజిలాంటిది చెంచాతో పోసేవారు. నవంబరు 6న, మనిషి ఇంకా బతికి ఉండగానే, డేవిస్ ఇటుకలు, సున్నం సిద్ధం చేయించాడు. మర్నాడు శుక్రవారం తెల్లవారి అయిదు గంటలకు ప్రాణం పోయింది. అదే సాయంత్రం నాలుగింటికి ఆవరణ వెనకే పూడ్చేశారు. ఇటుకల గోరీ, మీద గడ్డిమట్టి, నేలకు సమంగా. ఇద్దరు కొడుకులు, ఒక సేవకుడు వెంట ఉన్నారు. ఆడవాళ్లను రానివ్వలేదు. డేవిస్ నివేదికలో రాశాడు: చుట్టూ కొంత దూరం దాకా వెదురు కంచె వేయించాం, అది పాడయ్యేనాటికి గడ్డి మళ్లీ పెరిగి ఉంటుంది, గొప్ప మొఘల్‌లలో చివరివాడు ఎక్కడ ఉన్నాడో తెలిసే గుర్తు ఒక్కటీ మిగలదు. ప్రభుత్వాలు చాలా పనులు చేస్తాయి గానీ, చేస్తున్న పనిని ఇంత విప్పి చెప్పడం అరుదు.

వార్త ఢిల్లీకి రెండు వారాలకు చేరింది. గాలిబ్ ఒక ఉత్తరంలో దాని గురించి రెండు మాటల్లో రాసి వేరే సంగతుల్లోకి వెళ్లిపోయాడు. ఇంగ్లీషువాళ్లు ఇచ్చే పింఛను మీద బతుకుతున్న మనిషి అంతకంటే ఏం రాస్తాడు?

ఈ సందర్భంలో మీరందరూ ఎదురుచూస్తున్న గజల్ సంగతి చెప్పాలి. ప్రియమైన చోట పూడ్చడానికి రెండు గజాల నేల కూడా దొరకలేదన్న ఆ పాదం. రంగూన్ గోడ మీద బొగ్గుతో రాశాడని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆయన దీవానుల్లో, అంటే కవితా సంకలనాల్లో, ఆ గజల్ లేదు, అది ఆయనది కాదని వాదించే పరిశోధకులు ఉన్నారు. నాకూ అనుమానమే. అయితే ఆయనది కాకపోయినా, ఆ నోరు లేని అయిదేళ్లకు జనం ఒక నోరు ఇచ్చారన్నది నిజం. కలం లాక్కున్న చోట పుట్టిన ఖాళీలోకి ఆ పాటను తెచ్చి పెట్టారు. ఢిల్లీలోని మెహ్రౌలీలో ఖుత్బుద్దీన్ బఖ్తియార్ కాకీ దర్గా పక్కన ఆయన తనకోసం ఎంచుకున్న చోటు మాత్రం నిజంగానే ఉంది, ఇప్పటికీ ఖాళీగా ఉంది.

కంచె పోయింది, గడ్డి పెరిగింది, డేవిస్ చెప్పినట్టే గుర్తు మాయమైంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రంగూన్ ముస్లింలు పోట్లాడితే, 1907లో ప్రభుత్వం ఒక రాయి వేసింది. మాజీ ఢిల్లీ రాజు ఈ చోటుకు దగ్గర్లో పూడ్చబడ్డాడని. దగ్గర్లో! 1943లో సుభాష్ చంద్రబోసు తన సైనికులతో వచ్చి అక్కడే వందనం చేశాడు. 1991 ఫిబ్రవరిలో కాలువ తవ్వుతున్న కూలీలకు, మూడడుగుల లోతులో ఇటుకల గోరీ తగిలింది. డేవిస్ మనుషులు గోరీ గట్టిగానే కట్టారు.

ఇక మీరు ప్రశ్నలు రాసి పంపిన చీటీలు. మొదటిది: బర్మా రాజును మన దేశానికి పంపారు కదా, అది కూడా చెప్పండి అని. అవును. 1885లో థీబా రాజును గద్దె దించి మొదట మద్రాసులో కొన్ని నెలలు ఉంచారు, 1886లో రత్నగిరికి మార్చారు. 1916లో అక్కడే పోయాడు. మన రాజు వాళ్ల దేశంలో, వాళ్ల రాజు మన దేశంలో. ఒకే ప్రభుత్వం, ఒకే పద్ధతి.

రెండోది: జఫర్ అవశేషాలను తెచ్చి మెహ్రౌలీలో పెట్టాలి కదా, మీరేమంటారు? నేను వద్దంటాను. ఇది ఎప్పుడూ లేచే కోరికే, దీనికి మద్దతిచ్చే పెద్దలు చాలామంది ఉన్నారు. కానీ ఢిల్లీ ఆయనను మరిచిపోయిన ఎనభై, తొంభై ఏళ్లు ఆ గోరీ కోసం అర్జీలు పెట్టినది, రాయి వేయించినది రంగూన్ జనం. ఈరోజు అది దర్గా. వచ్చేవాళ్లలో చాలామందికి ఆయన పాదుషా కాదు, ఔలియా, అంటే పుణ్యపురుషుడు. మొక్కుకుంటారు, దువా చేస్తారు. గాలిబ్ ఎవరో, హారియట్ ఎవరో వాళ్లకు తెలియదు, తెలియనక్కర్లేదు. వాళ్ల దగ్గర నుంచి ఆయనను మళ్లీ ఒక ప్రభుత్వం ఉత్తర్వుతో, కాపలాతో, ఓడలోనో విమానంలోనో ఎక్కించి తీసుకుపోవడం నాకు ఇష్టం లేదు. ఒకసారి అలా తీసుకుపోయారు, చాలు. వెనక వరుసలో చెయ్యెత్తినవారు, మీరు అడగండి.